చెరకు డిస్కు మీద రుమాలు

షంషాద్ కంప్యూటర్ ముందు కూర్చుని టైపు చేస్తున్నప్పుడు ఆమెను ఎవరూ పలకరించకూడదు. జహీరాబాద్‌లో మా చెరకు రైతుల సంఘం ఆఫీసులో ఇదొక కట్టుబాటు. ఎవరూ బోర్డు రాసి తగిలించలేదు. మధ్యలో మాట కలిపితే చెయ్యి తప్పుతుందని ఆమె ఒకసారి చెప్పింది, అందరూ పాటించారు. సెక్రటరీ జగన్‌మోహన్ గారు కూడా అద్దాల తలుపు బయట నిలబడి, ఆమె చేతులు కీబోర్డు మీద నుంచి లేచాకే లోపలికి అడుగుపెట్టేవారు.

ఆమె తండ్రి ఇనాయత్‌కు స్టేషన్ రోడ్డులో కుట్టు మిషన్లు బాగుచేసే దుకాణం ఉండేది. డెబ్భైల మొదట్లో బడి అయిపోగానే షంషాద్ అక్కడికే వచ్చేది. విరిగిన సూదులు ఏరడం, బాబిన్లకు నూనె పెట్టడం ఆమె పని. ఊళ్లలోంచి వచ్చే మిషన్లలో చాలావాటికి జబ్బు ఒకటే. సూది బట్టలో దిగి ఉండగానే ఎవరో బట్టను లాగేస్తారు. సూది వంగుతుంది, కింద పళ్ల చక్రానికి గీత పడుతుంది, దారం లోపల ముద్దకట్టుకుంటుంది. ఇనాయత్ మిషన్ బాగుచేసి ఊరికే అప్పగించేవాడు కాదు. ఆపడం ఎలాగో చేసి చూపించేవాడు. ముందు చక్రాన్ని చేత్తో తిప్పి సూదిని పైకి తేవాలి. తర్వాత పాదం లేపాలి. బట్టను వెనక్కి జరిపి అప్పుడు దారం తెంపాలి. మిషన్లు కుట్టేటప్పుడు చెడిపోవని, ఆపేటప్పుడే చెడిపోతాయని అంటుండేవాడు. తెచ్చినవాళ్లు తల ఊపి వెళ్లేవారు. కొన్నాళ్లకు మళ్లీ అదే జబ్బుతో వచ్చేవారు.

టైపు నేర్చుకుని డెబ్భైల చివర్లో షంషాద్ సంఘంలో టైపిస్టుగా చేరింది. ఆఫీసు కోహీర్ రోడ్డులో, ఒకప్పటి అల్లం గోదాము మీది అంతస్తు. గోదాము ఖాళీ అయి ఏళ్లు గడిచినా వాన పడితే గోడల్లోంచి అల్లం ఘాటు వచ్చేది. ఎనభైల మధ్యలో ఆ అంతస్తులోనే ఒక గదికి అద్దాల తలుపు, ఏసీ బిగించి కంప్యూటర్ పెట్టారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు ఓపికగల మనిషి. ఉన్నన్నాళ్లూ ఆమె అడిగిందల్లా చెప్పాడు, వెళ్లేటప్పుడు లావుపాటి పుస్తకాలు వదిలి వెళ్లాడు. షంషాద్ వాటిని తండ్రి దగ్గర మిషన్లు విప్పినట్టే చదివింది. ఒక పేజీ చదవడం, చేసి చూడడం, తప్పితే ఎక్కడ తప్పిందో వెనక్కి వెళ్లి వెతకడం.

సంఘం ఆ మిషన్ కొన్నది ఒక్క పని కోసం, చెరకు కోతల వరుస కోసం. ఫ్యాక్టరీ ఒక రోజులో ఆడగలిగినంత చెరకే తీసుకుంటుంది. కాబట్టి ఎవరి చేను ఎప్పుడు కోయాలో ఒక వరుస ఉండాలి. మిషన్ రాకముందు ఆ వరుస ఊళ్లు తిరిగే ఫీల్డుమన్‌ల నోట్లో ఉండేది. వాళ్లకు కోడిని కోసి పెట్టినవాడి చేను ముందు కోతకు వచ్చేది. మిగతావాళ్ల చెరకు నిలబడి నిలబడి పూత పెట్టి, లోపల బెండుబారేది. మిషన్ వచ్చాక నాటిన తేదీని బట్టి వరుస పడింది. ఎవరైనా వచ్చి తన పేరు ఎక్కడుందో అడగవచ్చు.

ఆ వరుస ఉండేది పెద్ద డిస్కులో. మిషన్‌కు రెండు డిస్కులు. చిన్నదానిలో మిషన్ నడవడానికి కావలసినవి ఉంటాయి. బట్టల బీరువా అంత పెట్టెలో విడిగా ఉండే పెద్దదాన్ని అందరూ చెరకు డిస్కు అనేవారు. పొద్దున మిషన్ లేవగానే దాన్ని మౌంట్ చేయాలి, అంటే మిషన్‌కు కలపాలి. సాయంత్రం మిషన్ ఆపేముందు అన్‌మౌంట్ చేయాలి, అంటే విడదీయాలి. ఆ విడదీయడంలోనే ఉంది పనంతా. మనం కొట్టిన ప్రతి అక్షరాన్నీ మిషన్ వెంటనే డిస్కు మీద రాయదు. కొంత తన జ్ఞాపకంలోనే ఉంచుకుని, వీలు చూసుకుని రాస్తుంది. అన్‌మౌంట్ చేస్తే మిగిలినదంతా రాసేసి, ఏది ఎక్కడుందో సరిచూసుకుని తలుపు మూస్తుంది. ఆలోపే కరెంటు పోయిందా, సగం రాసినవి సగంగానే ఉండిపోతాయి.

నేను చెప్పబోయే సీజనుకు ముందటి ఏడు అలాగే అయింది. ఎవరో ఊరికే ఫ్యాన్లు తిరుగుతున్నాయనుకుని మెయిన్ స్విచ్ దించేశారు. మళ్లీ మిషన్‌ను లేపి, చెడిన డిస్కును సరిచేసే ప్రోగ్రాం నడిపితే అది దొరికిన ముక్కలన్నిటినీ ఒక మూలకు చేర్చింది. ముక్కలకు పేర్లు లేవు, ఉత్త అంకెలు ఉన్నాయి. ఏ ముక్క ఏ ఊరిదో, దేని తర్వాత ఏది రావాలో చెప్పే దారి లేదు. ఆ సీజనంతా మళ్లీ ఫీల్డుమన్‌లు చెప్పిందే వరుస అయింది. న్యాల్‌కల్ వైపు ఒక చిన్న ఊరి నుంచి వచ్చే మహాదేవమ్మ అనే రైతు చెరకంతా పూత పెట్టింది. ఆమె దాన్ని నరికి గొడ్లకు వేసింది.

తర్వాత జరిగిన మీటింగులో రైతులు ఒకే మాట అన్నారు. ఇంకొకసారి ఇలా జరిగితే మిషన్ వద్దు, పాత పద్ధతే పెట్టుకుంటాం. జగన్‌మోహన్ గారు ఒప్పుకున్నారు. ఒప్పుకోక ఏం చేస్తారు? అప్పుడు ఆడవాళ్ల వరుసలోంచి షంషాద్ లేచి నిలబడింది.

"మళ్ల పోదు. నేను చూసుకుంట" అంది.

"నువ్వు చూస్తెనే కదమ్మా నిరుడు పోయింది" అన్నారెవరో వెనకనుంచి. నవ్వులు లేచాయి. మహాదేవమ్మ మాత్రం నవ్వలేదు. షంషాద్ వంక చూసి, "సరే, ఈ ఒక్క ఏడు చూద్దం" అంది.

ఆ ఒక్క ఏడులోనే ఇంకో చిక్కు వచ్చింది. డిస్కులో ఉన్నది టేపు మీదికి ఎక్కించి దాచుకోవడానికి ఆ దెబ్బ తర్వాత తెప్పించిన పెట్టె దసరా ముందే చెడిపోయింది. బాగుచేయడానికి హైదరాబాద్ పంపారు, తిరిగి రాలేదు. అందుకని ఆ సీజనులో కోతల వరుస చెరకు డిస్కులో తప్ప ఇంకెక్కడా లేదు.

ఇక రుమాలు సంగతి. ఖాళీ గోదామును గదులుగా చేసిన కింది అంతస్తులో గుమాస్తాలకు టెర్మినళ్లు ఉండేవి, ఒక తెర, ఒక కీబోర్డు. వాటి తీగలు పైగదిలోని మిషన్‌కు వచ్చేవి. పనిచేసేవాళ్లు ఎక్కువ, టెర్మినళ్లు తక్కువ. దాంతో గుమాస్తాలకు ఒక అలవాటైంది. జహీరాబాద్ బస్టాండులో బస్సు రాగానే కిటికీలోంచి సీటు మీద రుమాలు వేస్తాం చూడండి, అలా పొద్దునే వచ్చి తన పేరుతో లాగిన్ అయి, చెరకు డిస్కులోకి వెళ్లి, టెర్మినల్‌ను అలాగే వదిలేసి చాయకు పోయేవారు. తిరిగి వచ్చేదాకా ఆ సీటు వాళ్లదే. ఇంకొకడు ముట్టుకోడు. ఇలా ఒక్కరు డిస్కులో ఉన్నా సరే, అన్‌మౌంట్ చేయబోతే మిషన్ ఒప్పుకోదు. 'బిజీ' అని ఒక ముక్క పడేసి ఊరుకుంటుంది. రోజూ సాయంత్రం షంషాద్ మెట్లు దిగి వచ్చి, టెర్మినల్ టెర్మినల్‌కూ తిరిగి రుమాళ్లు తీయించేది.

అందరికంటే మొండివాడు విరూపాక్ష. కోతల పర్మిట్లు రాసే గుమాస్తా. వాళ్లది సరిహద్దుకు అటువైపు ఊరు, ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్లు. షంషాద్‌ను అందరిలాగే ఆపా, అంటే అక్కా అని పిలిచేవాడు.

"బస్సుల కండక్టరు గూడ రుమాలు ముట్టడు ఆపా. మీరేంది ఇంత సతాయిస్తరు?" అనేవాడు.

"నా బస్సు డిపోకు పోవాలె విరూపాక్షన్నా. రుమాలు తీసుకొని దిగు."

"రేపు పొద్దుగాల సీటు దొరకకపోతె?"

"నిలబడి పో."

ఆ రోజు మహాదేవమ్మ పొద్దున బస్సుకే వచ్చింది. కోతలు జోరుగా సాగుతున్న రోజులు. రోడ్డు మీద చెరకు బండ్లు ఆగకుండా పోతున్నాయి. మహాదేవమ్మ మెట్లెక్కి వచ్చి అద్దాల తలుపు బయట బల్ల మీద కూర్చుంది. షంషాద్ చేతులు లేచేదాకా ఆగి, తలుపు కొద్దిగా తోసి, "బిడ్డా, నా నంబరు ఎప్పుడొస్తది?" అని అడిగింది.

"కూసో అవ్వా, చూసి చెప్త."

కింద టెర్మినళ్లన్నీ రుమాళ్లతో నిండి ఉన్నాయి. షంషాద్ గదిలో తన ముందున్న టెర్మినల్‌లోనే, మిషన్‌ను నడిపే కన్సోల్‌లోనే, చెరకు డిస్కులోకి వెళ్లి మహాదేవమ్మ పేరు వెతకమని టైపు చేసింది. మిషన్ వెతుకుతుండగా ఏసీ ఆగింది. ట్యూబులైటు ఆరింది. మూలనున్న యూపీఎస్ కూయడం మొదలుపెట్టింది.

వెతుకులాటను అక్కడే తెంపేసి షంషాద్ తలుపు దగ్గరికి వచ్చి కిందికి కేక వేసింది.

"అక్రం భయ్యా, జనరేటర్!"

కరెంటు పోవడం కొత్త కాదు. పోగానే యూపీఎస్ బ్యాటరీలు మిషన్‌ను పట్టుకుంటాయి, ఈలోపు ఎలక్ట్రీషియన్ అక్రం వెనక షెడ్డులో డీజిల్ జనరేటర్ నడిపిస్తాడు. కానీ బ్యాటరీలు ముసలివయ్యాయని అక్రం ముందే చెప్పి ఉన్నాడు. నీళ్లు పోసి, వాటి కొనల మీద పేరుకున్న తెల్లటి పొడి గీకి నెట్టుకొస్తున్నాడు. కొత్తవి కావాలని అడిగాడు, ఇంకా రాలేదు.

షెడ్డులోంచి హ్యాండిల్ తిప్పుతున్న చప్పుడు వచ్చింది. ఇంజను రెండు మూడుసార్లు దగ్గి ఊరుకుంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ ఊరుకుంది. కాసేపటికి అక్రం చేతులకు డీజిల్ కారుతుండగా మెట్ల కిందికి వచ్చి నిలబడ్డాడు.

"పైపుల గాలి పట్టింది ఆపా. నట్లు ఇప్పి గాలి తీయాలె. జర టైం పడ్తది."

"బ్యాటరీ ఎంతసేపు ఉంటది?"

"నన్నడగకు. అది మాట ఇచ్చే రకం కాదు."

షంషాద్ తిరిగి కన్సోల్ ముందు కూర్చుంది. జ్ఞాపకంలో ఉన్నదంతా డిస్కు మీద రాయమని ముందు మిషన్‌కు చెప్పింది. చెరకు డిస్కు పెట్టె మీద ఎర్రదీపం గబగబా మినుకుమని ఆగింది. తర్వాత డిస్కును విడదీయమంది.

బిజీ.

ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారో చూపించమంది. కన్సోల్ కాక ఇద్దరి పేర్లు వచ్చాయి. జమాఖర్చుల గుమాస్తా పేరు, విరూపాక్ష పేరు. మొదటివాడు చాయకు పోయాడు. అతనిది ఉత్త రుమాలే, దాని కింద పనేమీ లేదు. షంషాద్ కన్సోల్‌లోంచే అతన్ని బయటికి పంపేసింది. విరూపాక్షది అలా కాదు. అతను ఒక ఫైలు తెరిచి పెట్టుకుని ఉన్నాడు.

విరూపాక్ష అప్పటికే మెట్లెక్కి వచ్చాడు. తలుపు దగ్గరే ఆగి ఆమె చేతులు లేచేదాకా చూశాడు.

"ఆపా, నా టెర్మినల్ ఆరిపోయింది. కింద కరెంటు లేదు కదా. పొద్దుగాలకెళ్లి రాయికోడ్ ఊళ్లన్ని ఎక్కిస్తున్న. ఇంక సేవ్ చెయ్యలే."

"ఎందుకు చెయ్యలే?"

"అంత అయినంక ఒక్కటేసారి చేద్దమనుకున్న."

షంషాద్ అతని వంక ఒకసారి చూసి మళ్లీ తెరవైపు తిరిగింది. అతని తెర ఆరిపోయినా అతని పని ఇంకా మిషన్ లోపల నడుస్తూనే ఉంది. అతను దాన్ని చూడలేడు, సేవ్ చేయలేడు. అది ఉన్నంతసేపు డిస్కు విడవదు. కన్సోల్‌లోంచి దాన్ని ఆపేయవచ్చు. ఆపడంలో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి, లైను తెగిపోయింది, సర్దుకుని బయటికి రా అని చెప్పడం. రెండోది చెప్పకుండా మెడ పట్టి గెంటడం. మొదటి రకంగా చెబితే ఆ రాసే ప్రోగ్రాం సేవ్ చేయనిదాన్ని కూడా చిన్న డిస్కులో ఒక మూల దాచిపెట్టి ఆగుతుందని పుస్తకంలో ఉంది. ఆమె చదివింది. ఎప్పుడూ చేసి చూడలేదు.

"విరూపాక్షన్నా, నీ పని ఆపేస్తున్న. దాచిపెడ్తదని బుక్కుల ఉన్నది."

"బుక్కుల ఉన్నదా? మీరు చూసిన్రా?"

"చూడలే."

"మరి పోతె?"

"పోతె నీ రాయికోడ్ పోతది. ఆగితె అందరిది పోతది."

విరూపాక్ష ఏదో అనబోయాడు. యూపీఎస్ కూత మారింది. ఇందాకటిదాకా ఆగి ఆగి కూసింది, ఇప్పుడు వెంట వెంటనే కూస్తోంది. అతను మెడలో తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"చెయ్యిన్రి ఆపా" అన్నాడు.

ఆమె మొదటి రకం ఆజ్ఞ టైపు చేసింది. చిన్న డిస్కు దీపం వెలిగి ఆరింది. మళ్లీ చూస్తే విరూపాక్ష పేరు లేదు. దాచిందో, ఊరికే పోయిందో చూడడానికి అది సమయం కాదు. డిస్కును విడదీయమంది.

బిజీ.

షంషాద్ తెరను రెండుసార్లు చదివింది. లాగిన్ అయి ఉన్నవాళ్ల పేర్లు మళ్లీ అడిగింది. ఎప్పుడూ ఉండే కన్సోల్ తప్ప ఎవరూ లేరు. కింద అందరూ దిగిపోయారు. అయినా ఇంకేమైనా వెనకాల నడుస్తోందేమోనని నడుస్తున్న పనులన్నీ చూపించమంది. వరుసగా వచ్చాయి. అన్నీ మిషన్ సొంత పనులే. వేలితో ఒక్కొక్కటీ చూసుకుంటూ దిగింది. అనుమానించాల్సినది ఒక్కటీ కనబడలేదు.

ఏసీ లేని గది వేడెక్కుతోంది. జగన్‌మోహన్ గారు లోపలికి వచ్చారు. ఆయన రావడం ఆమె గమనించలేదు.

"అంతా రాసెయ్యమన్నవు కదా? రాసింది కదా?" అన్నారాయన నెమ్మదిగా.

"రాసింది సార్."

"మరి స్విచ్ తీసేస్తే ఏమైతది? బ్యాటరీ అదే చచ్చేదానికన్నా మనమే ఆపడం మంచిది కదా?"

ఆ అడగడంలో తప్పులేదు. షంషాద్ కూడా అదే ఆలోచిస్తోంది.

"ఏం కాకపోవచ్చు సార్. కానీ తలుపు ఇంక తెరిచే ఉన్నది. లోపల ఎవరో ఉన్నరంటున్నది మిషన్. ఆ ఉన్నది ఏం రాస్తున్నదో తెల్వదు. నిరుడు గూడ రాసిందే అనుకున్నం."

"నువ్వెట్ల అంటే అట్ల" అని ఆయన స్విచ్ బోర్డు పక్కన నిలబడ్డారు, ఎవరినీ దాని దగ్గరికి రానివ్వకుండా.

షంషాద్ మళ్లీ రాయమంది. దీపం ఒక్కసారి మెరిసి ఆగింది. మళ్లీ విడదీయమంది. బిజీ. షెడ్డులో ఇంజను దగ్గి ఊరుకుంది. తెర మీద అక్షరాలు అంచుల నుంచి లోపలికి ముడుచుకోవడం మొదలైంది. వోల్టేజీ పడిపోతే అలా అవుతుంది. యూపీఎస్ ఇప్పుడు ఊపిరి తీసుకోకుండా ఒకటే కూత.

మీటింగులో లేచి తాను అన్న మాట ఆమెకు గుర్తొచ్చింది. నేను చూసుకుంట అని ఎందుకన్నానా అనిపించింది. చెయ్యి చెరకు డిస్కు పెట్టె స్విచ్ వైపు వెళ్లి ఆగింది. తండ్రి దుకాణంలో సూది దిగి ఉన్న మిషన్లు ఎన్ని చూసిందో! అక్కడైతే వంగి చూస్తే సూది కనబడేది. ఇక్కడ కనబడడం లేదు.

తలుపు దగ్గర గొంతులు వినబడ్డాయి.

"అవ్వా, మేడం టైపు చేస్తుంటే మాట్లాడొద్దు. బయటికి నడు" అంటున్నాడు విరూపాక్ష.

"నేను కొట్టనీకె వచ్చిన్నా? ఒక్క మాట అడిగి పోత."

"ఇప్పుడు కాదవ్వా, దండం పెడ్త."

"నాకు బస్సున్నది నాయినా. నీకేం, నీ ఇల్లు ఈడ్నే." మహాదేవమ్మ అతని చేతి కిందనుంచి తల లోపలికి పెట్టింది. "ఏం బిడ్డా, పొద్దుగాల నా పేరు ఎతుకుతనంటివి. దొరికిందా లేదా? అది చెప్తే నా దారిన నేను పోత."

 షంషాద్ చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి.

పొద్దున తాను మహాదేవమ్మ పేరు వెతికింది. ఎక్కడ వెతికింది? కింద టెర్మినళ్లు ఖాళీ లేవని ఇక్కడే, ఈ కన్సోల్‌లోనే. వెతకడానికి చెరకు డిస్కులోకి వెళ్లింది. కరెంటు పోగానే వెతుకులాట తెంపేసింది గానీ డిస్కులోంచి బయటికి రాలేదు. తాను ఎక్కడ ఉన్నదీ ఈ తెర దానంతట అది చూపించదు. అడిగితేనే చెబుతుంది. ఆమె అడగలేదు.

ఇప్పుడు అడిగింది. మిషన్ ఒక్క మాటలో చెప్పింది. ఆమె చెరకు డిస్కులోనే ఉంది.

అందరి రుమాళ్లూ తీయించి, తన రుమాలు మీదే కూర్చుని తలుపు ఎందుకు పడడం లేదని చూస్తోంది.

ఆమె అక్కడి నుంచి బయటికి వచ్చింది. రెండు అక్షరాలు, ఒక గీత, అంతే. ఇంకోసారి డిస్కును విడదీయమంది. ఎర్రదీపం వెలిగింది. కాస్త ఎక్కువసేపే వెలిగింది. ఆరింది. తెర మీద ఏ మాటా రాలేదు. ఆ మిషన్ తీరు అంతే, పని చెడితేనే మాట్లాడుతుంది. కుదిరితే ఏమీ అనదు, తర్వాతి మాట కోసం ఎదురుచూస్తుంది.

షంషాద్ లేచి చెరకు డిస్కు పెట్టె స్విచ్ తీసేసింది. లోపల తిరుగుతున్నది నెమ్మదిగా ఆగుతున్న చప్పుడు గదిలో ఉన్నవాళ్లందరికీ వినబడింది. మిగిలింది చిన్న డిస్కు. దాన్ని విడదీయడం కుదరదు, మిషన్ దాని మీదే నిలబడి ఉంటుంది. రాయాల్సినది రాయించి, దీపం ఆగిందని చూసి, మిషన్‌ను ఆపమని చెప్పింది. ఆగింది. స్విచ్ దించింది. ఆ తర్వాత యూపీఎస్ ఇంకాసేపు కూసి, గొంతు సన్నబడి, అదీ ఆరిపోయింది.

 అంతలో షెడ్డులో ఇంజను ఒక్కసారి గట్టిగా దగ్గి అందుకుంది. ట్యూబులైటు కొట్టుకుని వెలిగింది. అక్రం మెట్ల మీద పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"వచ్చింది ఆపా, కరెంటు వచ్చింది!"

విరూపాక్ష అతని వంక చూశాడు. "కొంచెం తొందరగా వచ్చినవ్ భయ్యా. ఇంక జర ఆగి రావాల్సింది."

షంషాద్ నవ్వలేదు. మొహం కొంగుతో తుడుచుకుని గోడకు ఆనుకుని నిలబడింది. జగన్‌మోహన్ గారు స్విచ్ బోర్డు దగ్గర నుంచి పక్కకు తప్పుకున్నారు. "నేను తీసేద్దమన్న" అన్నారు.

"నేను గూడ తీసేద్దమనే చెయ్యి పెట్టిన సార్" అంది షంషాద్.

వెంటనే మిషన్‌ను లేపలేదు. జనరేటర్ కరెంటు నిలకడగా ఉందని అక్రం మీటరు పెట్టి చెప్పేదాకా ఆగింది. అతను మీటరు తీయబోతే ఇంకాసేపు పెట్టించింది. ఆ తర్వాత చిన్న డిస్కుతో మిషన్‌ను లేపి, చెరకు డిస్కును మౌంట్ చేయకముందే సరిచూసే ప్రోగ్రాం నడిపింది. నిరుడు ఇదే ప్రోగ్రాం తెర నిండా ప్రశ్నలు అడిగింది. దీన్ని తీసేయనా, దాన్ని ఆ మూలకు వేయనా అని. ఇప్పుడు ఒక్కొక్క దశా దాటుతోంది. ప్రశ్నలు లేవు. విరూపాక్ష తువ్వాలు చేతిలో నలుపుతూ తలుపు బయటే నిలబడ్డాడు. లోపలికి రాలేదు. చివరి దశ దాటి ప్రోగ్రాం ఆగింది. షంషాద్ డిస్కును మౌంట్ చేసి కోతల వరుస తెరిచింది. ఊళ్ల పేర్లతో, మనుషుల పేర్లతో, పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది.

"మరి నాది?" అన్నాడు విరూపాక్ష.

దాచిపెట్టిన మూలలో చూసింది. అతని పేరుతో ఒక ఫైలు ఉంది. తెరిచి చూపించింది. విరూపాక్ష వంగి తన ఊళ్లు ఒక్కొక్కటీ చదువుకున్నాడు.

"చివరి మనిషి పేరు సగమే ఉన్నది."

"నువ్వు సగమే కొట్టినవేమో."

"అవును, సగం కొట్టి చాయకు పోయిన" అని ఒప్పుకున్నాడు.

అప్పుడు షంషాద్ కన్సోల్ వదిలి బయటికి వచ్చి బల్ల మీద మహాదేవమ్మ పక్కన కూర్చుంది. ఆమె బస్సు ఎప్పుడో పోయింది.

"అవ్వా, నీ నంబరు ఉన్నది. అమాస దాటినంక వస్తది. ఫికర్ చెయ్యకు."

మహాదేవమ్మ వేళ్లు మడిచి ఏదో లెక్క చూసుకుంది. "గింత లొల్లి చేసి నన్ను జర ముంగటికి జరపలేదా?"

"జరిపితె ఇంకొకరు ఎనకకు పోతరు గద అవ్వా."

"ఎవరు పోతరు?"

"మీ ఊరిదే. చెన్నబసప్ప."

"వాడా? వాడు పోతె పోనీయరాదు" అంది మహాదేవమ్మ. తర్వాత తనే, "వద్దులే, పిల్లలు గలోడు. అమాస దాటినంకనే రాయి" అని లేచింది. మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "నేను లోపట మాట్లాడిన్నని కోపం జేసినవా?"

"లేదవ్వా. నువ్వు అడిగింది మంచిదైంది."

ఎందుకు మంచిదైందో మహాదేవమ్మ అడగలేదు. తర్వాతి బస్సు కోసం వెళ్లిపోయింది. అమావాస్య తర్వాత ఆమె చెరకు తన వరుసలోనే కోతకు వచ్చింది, పూత పెట్టకముందే. ఆ ఏడు మీటింగులో మిషన్ తీసేయాలన్న మాట ఎవరూ ఎత్తలేదు. కొత్త బ్యాటరీల సంగతి మాత్రం అక్రం ఎత్తాడు.

కరెంటు పోయిన రోజు సాయంత్రం షంషాద్ ఎప్పటిలాగే మెట్లు దిగి వచ్చింది. టెర్మినళ్లన్నీ అప్పటికే ఖాళీగా ఉన్నాయి. విరూపాక్షే తిరిగి అందరివీ తీయించాడు. ఆమె పైకి వెళ్తుంటే వెనకే వచ్చి అద్దాల తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆమె కూర్చుని వేళ్లు కీబోర్డు మీద పెట్టింది. కట్టుబాటు ప్రకారం అతను ఇక నోరు మూసుకోవాలి.

"ఆపా" అన్నాడు. "మీరెక్కడున్నరు?"

షంషాద్ తిరిగి చూసింది. కోప్పడుతుందనుకుని అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె తెరవైపు తిరిగి, తాను ఎక్కడున్నదీ మిషన్‌ను అడిగింది. జవాబు చదివింది.

"బయట్నే ఉన్న" అంది. "రేపు గూడ అడుగు."

అప్పటి నుంచి ఆమె టైపు చేస్తున్నప్పుడు మాట్లాడకూడదన్న కట్టుబాటుకు ఒక్క మినహాయింపు వచ్చింది. ప్రతి సాయంత్రం డిస్కు విడదీసే ముందు ఎవరో ఒకరు తలుపు దగ్గర నిలబడి ఆ ప్రశ్న అడగాలి. విరూపాక్ష సెలవు పెడితే అక్రం అడిగేవాడు. అక్రం లేకపోతే జగన్‌మోహన్ గారు అడిగేవారు. కొత్తగా చేరినవాళ్లు ఇదేదో వేళాకోళం అనుకునేవారు. మిషన్ ముందు కూర్చున్న మనిషి కళ్లెదుటే కనబడుతుంటే ఎక్కడున్నావని అడగడమేమిటని. షంషాద్ మాత్రం ఒక్కరోజూ ఊరికే జవాబు చెప్పలేదు. ముందు అడిగి, చదివి, అప్పుడే చెప్పేది.